నాలుగు బిందెల నీళ్లతో బ్రోమైడ్ ప్రింటు కడగడం

మా అవ్వ ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. మా మామ తన స్టూడియోలో 8×10 అంగుళాల బ్రోమైడ్ పేపరు (వెండి లవణం పూసిన ఫోటో కాగితం) మీద వేసిన ప్రింటు. ముక్కుపుడక, చీర అంచు, కుర్చీ చెయ్యి, అన్నీ ఇప్పటికీ నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా నిలిచే ఉన్నాయి. కుడి భుజం పక్కన మాత్రం బొటనవేలంత గోధుమరంగు మరక. వెలుతురుకు పట్టి చూస్తే అందులో వేలిముద్ర గీతలు కూడా కనిపిస్తాయి. హైపో అనే ఫోటో మందు తడి ఉన్న చేత్తో మామ ఆరిన ప్రింటును పట్టుకున్నాడు, అంతే. ఆ రోజు ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఏళ్లు గడిచాక మామ వేలు బయటపడింది.

ఒక్క వేలి తడే ఇంత చేస్తే, సరిగా కడగని ప్రింటులో పేపరు నిండా ఆ హైపోనే ఉంటుంది. అది పోవాలంటే ఏం చేయాలో, నీళ్లకు కటకటలాడే మా అనంతపురంలో ఎలా చేస్తున్నానో వరుసగా చెప్తాను. చెప్పేదంతా ఫైబర్ పేపరు, అంటే ప్లాస్టిక్ పూత లేని మామూలు ఫోటో కాగితం గురించి. ఆర్‌సీ పేపరుకు ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి మందు లోపలికి ఇంకదు. రెండు నిమిషాలు కొత్త నీళ్లలో ఆడించి తీస్తే చాలు. ఎక్కువసేపు నానబెడితే అంచుల్లోంచి నీరు ఎక్కి పాడవుతుంది. దాని సంగతి ఇంతటితో వదిలేద్దాం.

లోపల జరిగేది

ప్రింటు మీద బొమ్మంతా సన్నటి వెండి పొడి. వెలుతురు తగలని చోట మిగిలిన వెండి లవణాన్ని కరిగించి తీసేసేది ఫిక్సర్, అంటే మన హైపో, సోడియం థయోసల్ఫేట్. హైపోకు ఈ గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. 1839లో ఫోటోగ్రఫీ పుట్టగానే అది డార్క్‌రూమ్‌లోకి వచ్చింది. పదహారేళ్లు తిరిగేసరికి ఫోటోలు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి 1855లో లండన్ ఫోటోగ్రఫిక్ సొసైటీ ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. వాళ్లు తేల్చిన ముఖ్య కారణాల్లో ఒకటి ప్రింటులో మిగిలిపోయిన హైపో.

మిగిలిన హైపో మెల్లగా విరిగి వెండికి గంధకాన్ని అంటిస్తుంది. వెండి పట్టీలు నల్లబడేది కూడా గంధకంతోనే. ప్రింటులో వెండి పొడి మరీ సన్నం కాబట్టి నల్లబడకుండా పసుపు, గోధుమ తిరుగుతుంది.

ఇంకో దొంగ ఉన్నాడు, చాలామందికి తెలియదు. ఫిక్సర్ పాతబడితే అందులో వెండి ఎక్కువై, నీళ్లలో సరిగా కరగని వెండి సమ్మేళనాలు తయారవుతాయి. అవి పేపరు పీచును పట్టుకుంటే ఎన్ని బిందెలు పోసినా వదలవు. తెల్లటి భాగాలు పసుపెక్కిన పాత ప్రింటు తెచ్చి "సరిగా కడగలేదు" అంటారు. నన్నడిగితే సగం సార్లు తప్పు నీళ్లది కాదు, ఫిక్సర్‌ది. అందుకే కడగడం గురించి చెప్పాలన్నా ఫిక్సర్ దగ్గరే మొదలుపెట్టాలి.

ఫిక్సర్: రెండు ట్రేలు, పటిక వద్దు

లీటరు ఫిక్సర్‌కు నేను వాడే కొలత ఇది. 600 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో 240 గ్రాముల హైపో, తర్వాత 10 గ్రాముల సోడియం సల్ఫైట్ (నీటి అంశం లేని పొడి రకం), చివర 25 గ్రాముల సోడియం బైసల్ఫైట్. ఈ వరుసలోనే, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి. ఆ తర్వాత చల్లనీళ్లతో లీటరు చేయాలి. హైపో కరిగేటప్పుడు గిన్నె చల్లబడుతుంది. ఏప్రిల్‌లో కలిపితే గాజు కూజా చేతికి చల్లగా తగులుతుంది. డార్క్‌రూమ్‌లో దొరికే చల్లదనం అదొక్కటే.

పాత స్టూడియోల్లో ఎండాకాలం ఫిక్సర్‌లో పటిక కలిపేవాళ్లు. మందుపొర (పేపరు మీద వెండి ఉండే జెలటిన్ పొర) మెత్తబడి ఊడకుండా గట్టిపడుతుందని. నిజమే, గట్టిపడుతుంది. కానీ ఆ గట్టిపడిన పొరలోంచి హైపో బయటికి రావడం కూడా అంతే కష్టమవుతుంది. నేను పటిక మానేసి నీళ్లను చల్లబరుచుకుంటాను. ఎలాగో తర్వాత చెప్తాను.

ట్రేలు రెండు పెట్టండి. మొదటిదాంట్లో నాలుగు నిమిషాలు, రెండోదాంట్లో నాలుగు నిమిషాలు, ఊరికే వదిలేయకుండా ఆడిస్తూ. వెండి బరువంతా మొదటి ట్రే మోస్తుంది, రెండోది శుభ్రంగా ఉంటుంది. మొదటిది అలసిపోయాక పారబోసి రెండోదాన్ని ముందుకు జరిపి, దాని చోట కొత్తది కలుపుకోవాలి. అలా నాలుగైదు సార్లు తిప్పాక రెండూ కొత్తవే చేస్తాను. ఒకే ట్రేతో సరిపెట్టుకునేవాళ్లకు ఫోటో సామగ్రి కంపెనీ ఇల్‌ఫర్డ్ వాళ్ల రాపిడ్ ఫిక్సర్ లెక్క ఒకటుంది: ఎక్కువకాలం నిలవాల్సిన 8×10 ఫైబర్ ప్రింట్లు లీటరుకు పది మాత్రమే. ఈ పదిని చూసి చాలామంది నమ్మరు. వాళ్లే మామూలు పనికి నలభై వరకు అంటారు. ఆ తేడాలోనే ఉంది మనం మాట్లాడుకునే విషయం.

ఫిక్సర్ అలసిందో లేదో తెలుసుకోవడానికి 5 శాతం పొటాషియం అయోడైడ్ ద్రావణం చిన్న సీసాలో పెట్టుకోండి. చెంచాడు ఫిక్సర్‌లో నాలుగు చుక్కలు వేయండి. లేత మబ్బులా వచ్చి ఆడించగానే మాయమైతే పరవాలేదు. పసుపు పెరుగులా విరిగి అలాగే నిలిస్తే పారబోయాలి.

ఫిక్సర్‌లో ఎక్కువసేపు ఉంచితే మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. ఎక్కువసేపు ఉంటే హైపో పీచులోకి లోతుగా ఇంకుతుంది, ఆ తర్వాత కడుక్కునేది మనమే. టీ తాగడానికి పోయి ప్రింటు ఫిక్సర్‌లో వదిలేసే అలవాటు మాన్పించడానికి మామ నన్ను ఎన్ని తిట్లు తిట్టాడో లెక్కలేదు.

నీళ్లు పోసేది కాదు, మార్చేది

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే చోట మేముండేది. మా వీధికి కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా, బిందె అడుగున తెల్లగా పేరుకుంటాయి. ఇలాంటి చోట పుస్తకాల్లో రాసినట్టు గంటసేపు కొళాయి వదలాలంటే ఎట్లా? నిమిషానికి ఐదు లీటర్ల ధారైతే గంటకు 300 లీటర్లు. ఇంట్లో ఎవరైనా ఊరుకుంటారా?

నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆ పనే చేశాను. పన్నెండు ప్రింట్లు ప్లాస్టిక్ టబ్బులో వేసి, పైన కొళాయి సన్నగా వదిలి పడుకున్నాను. అర్ధరాత్రి కొళాయి ఆగిపోయింది. తెల్లారి చూస్తే ప్రింట్లు రాత్రంతా తమ హైపోలోనే నానుతున్నాయి. అంచులు దూదిలా చీలాయి, రెండు ప్రింట్ల మూలల్లో మందుపొర పేపరును వదిలి పొక్కులా లేచింది. మామ చూసి ఒక్క మాట అన్నాడు: "నీళ్లు పోసేది కాదురా, మార్చేది నేర్చుకో."

ఆ మాటలో ఉన్న లెక్క ఇది. హైపో పేపరులోంచి నీళ్లలోకి తనంత తానే వస్తుంది, లోపలా బయటా సమానమయ్యేదాకా. సమానమయ్యాక ఆగిపోతుంది. అప్పుడు ఆ నీళ్లు మొత్తం వంచేసి కొత్తవి పోస్తే మళ్లీ మొదలవుతుంది. ఎనిమిది ప్రింట్లు తమతో 200 మి.లీ. తడి మోసుకొస్తాయనుకుందాం. దాన్ని నాలుగు లీటర్లలో వేస్తే హైపో దాదాపు ఇరవయ్యో వంతుకు పలచబడుతుంది. రెండో మార్పుకు నాలుగు వందలో వంతు. మూడోదానికి ఎనిమిది వేలలో వంతు. నిజంలో పీచు కొంత పట్టి ఉంచుతుంది, మందుపొర ఆలస్యం చేస్తుంది, కాబట్టి మూడుతో అయిపోదు. అయినా ఊరికే పారే ధార కంటే మార్చే నీళ్లు ఎందుకు గెలుస్తాయో ఈ లెక్క చెప్తుంది. పారే ధారలో కొత్త నీళ్లు పాతవాటితో కలిసి సగం సగమై పోతుంటాయి.

సోడియం సల్ఫైట్ బాత్

నీళ్లు, సమయం రెండూ మిగిల్చేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం ఓడల మీద మంచినీళ్లు చాలక ప్రింట్లను సముద్రపు నీళ్లతో కడిగింది. ఉప్పునీళ్లలో హైపో తొందరగా వదులుతోందని అప్పుడు గట్టిగా రుజువైంది. ఆ పరిశోధనలోంచే హైపోను తొందరగా వదిలించే డబ్బా మందు, కొడాక్ హైపో క్లియరింగ్ ఏజెంట్ వచ్చింది. అందులో ముఖ్యమైనది సోడియం సల్ఫైట్. మన బోరు నీళ్ల ఉప్పదనం కూడా ఆ మేరకు మనకు మేలే చేస్తుంది. చాలా మెత్తటి నీళ్లలోకంటే కొంచెం గట్టి నీళ్లలోనే హైపో బాగా వదులుతుంది. తాగడానికి పనికిరాని నీళ్లు ఇక్కడైనా పనికొచ్చాయని ఒక సంతోషం.

డబ్బా మందు దొరక్కపోతే దిగులొద్దు. కాలేజీ ల్యాబులకు కెమికల్స్ అమ్మే షాపులో సోడియం సల్ఫైట్ దొరుకుతుంది. లీటరుకు 20 గ్రాములు, అంతే. సల్ఫేట్ కాదు, సల్ఫైట్. సీసా మీద పేరు రెండుసార్లు చదివి కొనండి. వాడే రోజే కలపాలి, గాలి తగిలితే బలం పోతుంది. లీటరుకు పది ప్రింట్లు దాటించను, రాత్రికి పారబోస్తాను.

కడిగే వరుస

8×10 ప్రింట్లు ఎనిమిది, నాలుగు లీటర్లు పట్టే 11×14 ట్రే ఒకటి, గడియారం ఒకటి. మొదలుపెట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్లు కత్తిరించుకోండి. తడిసిన మందుపొర మీద గోరు తగిలితే గీత పడుతుంది, ఆ గీతను ఎవరూ చెరపలేరు.

మొదట రెండో ఫిక్సర్‌లోంచి ఒక్కో ప్రింటును మూల పట్టుకుని ఎత్తి, పది సెకన్లు కారనివ్వండి. ఈ పది సెకన్లు చాలా నీళ్లు మిగిలిస్తాయి. తర్వాత నాలుగు లీటర్లలో రెండున్నర నిమిషాలు ఆడించి, వంచేసి, ఇంకో నాలుగు లీటర్లలో మళ్లీ రెండున్నర నిమిషాలు. పైపైన ఉన్న ఫిక్సర్ సల్ఫైట్‌లోకి పోకుండా ఉండటానికి ఇది.

ఆ తర్వాత రెండు లీటర్ల సల్ఫైట్‌లో పది నిమిషాలు. ఇక్కడి నుంచి చేతిపని. దొంతరలో అడుగున ఉన్న ప్రింటును మెల్లగా లాగి పైకి తెచ్చి, బోర్లా పడుకోబెట్టి అరచేత్తో నీళ్లలోకి ఒత్తాలి. మళ్లీ అడుగుది. ఎనిమిదీ తిరిగొచ్చాక ఈసారి వెల్లకిలా. దోసెలు తిరగేసినట్టు తొందరపడకూడదు, నీళ్లలో వేళ్లు జారుతుంటాయి. రెండు ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుంటే ఆ మధ్య భాగానికి నీళ్లు అందవు, పదిసార్లు మార్చినా మరక అక్కడే వస్తుంది. అందుకే ఒక ట్రేలో ఎనిమిదికి మించి వేయను.

సల్ఫైట్ అయ్యాక ఎనిమిది మార్పులు, ఒక్కోటి ఐదు నిమిషాలు. ప్రతిసారీ ట్రేను పూర్తిగా వంచి, ప్రింట్లను అరచేత్తో అదిమిపట్టి, నీళ్లు కారడం ఆగేదాకా ఉండి, అప్పుడు కొత్తవి పోయాలి. ఈ మధ్యలో డార్క్‌రూమ్‌లోంచి ఇంకో కొత్త ప్రింటు తెచ్చి ఇందులో వేయకండి. వేశారంటే ఎనిమిదింటికీ మళ్లీ ఒకటి నుంచి లెక్క.

చివరగా రెండు లీటర్ల ఆర్వో నీళ్లలో ఒక నిమిషం. బోరు నీళ్లలోని సున్నం ఆరాక తెల్లటి పొడిలా కనిపిస్తుంది, ఈ ముంపుతో అది పోతుంది.

కూడితే 44 లీటర్లు. మా ఇంటి బిందెతో సరిగ్గా నాలుగు.

ఎండాకాలం సంగతి

కడిగే నీళ్లు 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయి. డిసెంబర్‌లో మాకు కొళాయి నీళ్లే అలా వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు స్నానానికి కూడా కాలుతాయి. ఆ వేడికి జెలటిన్ ఉబ్బి, మెత్తబడి, వేలు తగిలితే చిదిమినట్టవుతుంది. మిద్దె నీళ్లు వద్దు, కింద సంపులోవి తోడండి. సాయంత్రమే పాత మట్టి కడవల్లో నింపి గాలి తగిలే చోట పెడితే మా పొడి గాలికి బాగా చల్లబడతాయి. పొడి గాలి ఉన్న ఊళ్లో కడవను మించిన కూలర్ లేదు. ఇంకా చాలకపోతే నీళ్ల సీసాను గడ్డకట్టించి మూతతోనే కడవలో దించుతాను. ఐస్ ముక్కలు నేరుగా ట్రేలో వేయొద్దు. ఒక ట్రే చల్లగా, పక్క ట్రే వేడిగా ఉంటే మందుపొర వలలా ముడతలు పడుతుంది. అన్ని ట్రేలూ ఒకే వేడిమిలో ఉండటం చల్లదనం కంటే ముఖ్యం. మే నెలలో నేను రాత్రి పది తర్వాతే కడుగుతాను.

పోయిందో లేదో చూడటం

కంటికి కనిపించనిదాన్ని నమ్మకం మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు. ప్రింట్లు వేసే రోజు అదే పేపరులోంచి వెలుతురు తగలని చిన్న ముక్క ఒకటి కత్తిరించి, ప్రింట్లతో పాటే అన్ని ట్రేల్లోనూ తిప్పండి. పరీక్షంతా ఆ ముక్క మీదే.

100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 3.5 మి.లీ. గ్లేసియల్ అసిటిక్ యాసిడ్, 0.75 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కలిపి గోధుమరంగు సీసాలో దాచుకోండి. చేతికి అంటితే నల్ల మచ్చ వారం రోజులు పోదు, గ్లోవ్స్ వేసుకోండి. ముక్క మీది తడిని అద్ది తీసి, ఒక చుక్క వేసి, ఎండ తగలని చోట రెండు నిమిషాలు ఉంచి తుడవండి. ఏ రంగూ రాకపోయినా, చూసీచూడనంత లేత మీగడ రంగు వచ్చినా మీ పని అయినట్టే. పసుపు వస్తే ఇంకో మూడు మార్పులు. గోధుమరంగు వస్తే సల్ఫైట్ నుంచి మళ్లీ మొదలు.

ఇది హైపోకు పరీక్ష. ఇందాక చెప్పిన రెండో దొంగకు, అంటే మిగిలిపోయిన వెండికి, వేరే పరీక్ష ఉంది. 125 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల సోడియం సల్ఫైడ్ కలిపి, వాడేముందు ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు చేర్చి, ముక్క మీద చుక్క వేయాలి. పసుపో గోధుమో కనిపిస్తే ఎంత కడిగినా లాభం లేదు. కొత్త ఫిక్సర్‌లో మళ్లీ ముంచి, కడిగే పనంతా మొదటి నుంచి చేయాలి. ఈ సల్ఫైడ్‌ను ఆరుబయటే వాడండి. కుళ్లిన గుడ్డు వాసన అదే. యాసిడ్ దగ్గరకు రానివ్వకండి, విషవాయువు వస్తుంది. వాడని పేపరు ప్యాకెట్లు ఉన్న గదిలో మూత తీస్తే ఆ పేపరంతా మసకబారుతుంది.

పర్మాంగనేట్ చుక్కలతో కడిగిన నీళ్లను పరీక్షించే పద్ధతి కూడా ఉంది. కానీ అది నీళ్లలో ఉన్నది చెప్తుంది, పేపరులో ఉన్నది కాదు.

ఆరబెట్టడం, దాచడం

స్టూడియోల్లో ప్రింట్లు ఆరబెట్టి మెరుపు తెచ్చే గ్లేజింగ్ మిషను గుడ్డ చూశారా? ఏళ్ల తరబడి సగం కడిగిన ప్రింట్లు దాని మీద ఆరి ఆరి ఆ గుడ్డ నిండా హైపో ఉంటుంది. అంత కష్టపడి కడిగిన ప్రింటును తెచ్చి దాని మీద వేస్తే మొదటికొచ్చినట్టే. దోమతెర నైలాన్ గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, శుభ్రమైన గాజు పలక మీద ప్రింటు నీళ్లు లాగేసి, తెర మీద బోర్లా వేయండి. ఎండలో వద్దు, ఫ్యాను కింద కూడా వద్దు, అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. మా గాలికి నీడలోనే తెల్లారేసరికి ఆరిపోతుంది. ఆ తర్వాత రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు నాలుగు పెడితే రెండు రోజుల్లో చదునవుతుంది.

దాచేటప్పుడు అంటుకునే పేజీల ఆల్బమ్, పీవీసీ కవరు, న్యూస్‌పేపరు ఈ మూడూ దగ్గరకు రానివ్వకండి. కొత్తగా పెయింటు వేసిన బీరువా కూడా కొన్ని నెలలు వద్దు. ఆ పెయింటు ఆవిరి వెండిని తింటుంది. గోడకు ఆనించి పెడితే చెదలు మిగతా పని చూసుకుంటాయి.

వంచిన నీళ్లలో మొదటి రెండూ, వాడేసిన ఫిక్సర్ చెట్లకు పోయకండి. ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. క్యాన్‌లో పోగుచేసి, వెండి తీసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకివ్వడం మేలు. చివరి రెండు మార్పుల నీళ్లు మాత్రం నేను బకెట్లో పట్టి ఉంచుతాను. మరుసటి బ్యాచ్‌కు మొదటి రెండు ముంపులు వాటితోనే, అలా ఇంకో ఎనిమిది లీటర్లు మిగులుతాయి. ఆ బకెట్ మీద మూత పెట్టి, పక్కకు జరిపి, పేరు రాసి పెట్టండి. మా ఇంట్లో ఒకసారి మా అమ్మ అవి మంచినీళ్లే అనుకుని అంట్లు తోమేసింది. "ఏం నీళ్లురా ఇవి, ఇంత తేటగా ఉండాయి?" అని నన్నే అడిగింది. ఆ రాత్రి గిన్నెలన్నీ మళ్లీ నేనే కడిగాను, ఇంకో బిందె ఖర్చుతో.